తెలుగు బిడ్డల అన్నయ్య: శ్రీ న్యాయపతి రాఘవరావుగారు

ఏడు చేపల కథ యెఱుగని తెలుగు బిడ్డ యుండడు. రాజుగారి కుమారు లేడుగురు వేటకుఁ బోయి యేడు చేపలు తెచ్చి యెండబెట్టిరి. అందొక్కటి యెండలేదు. చేప నడిగిన గడ్డిమోపు అడ్డమనియు, గడ్డి నడిగిన ఆవు మేయలేదనియు, ఆవు నడిగిన గొల్లవాఁడు మేపలేదనియు, గొల్లవాని నడిగిన అవ్వ అన్నము పెట్టలేదనియు, అవ్వ నడిగిన పాప యేడ్చినదనియు, పాప నడిగిన చీమ కుట్టినదనియు చెప్పుకొని వచ్చిరి. తన పుట్టలో వేలు పెట్టిన కుట్టక యేమి చేయుదునని చీమ యడిగినది. కథ అంతటితో ముగిసినది. మైపాడు, కృష్ణపట్నము, జువ్వలదిన్నె మొదలగు నెల్లూరు తీరగ్రామములలో చేప లెండబెట్టు ఇసుకతిన్నెల నడుమ పెరుగు బిడ్డకు ఇది కంటియెదుటి సంగతియే.

ఈ కథలో దుర్మార్గుఁ డొక్కఁడును లేఁడు. ఒకరి పని చెడినచో దాని ఫల మెక్కడో మఱియొకరి వాకిట తేలుననుట మాత్రమే యున్నది. చిన్న చీమయింటిలో వేలు పెట్టరాదని యెవరును ఉపదేశింపలేదు. అయినను మూఁడేండ్ల బిడ్డ ఆ సంగతి గ్రహించును. అవ్వ బిడ్డను ముందుగా చూచియున్నచో, గొల్లవానికి పొరుగువారు పిడికెఁ డన్నము పెట్టియున్నచో ఏమగునని తల్లి యడిగినచో, ఆ బిడ్డ తానే ఉత్తరము వెదకును. పరులకు తోడ్పడుట యనెడి ధర్మశాస్త్రమంతయు ఈ పొట్టికథలో నిమిడియున్నది.

చంటిబిడ్డలకు దయ నేర్పఁదలచిన పెద్దలు సామాన్యముగా రెండు దారులు త్రొక్కుదురు. ఒకటి నీతివాక్యము వల్లె వేయించుట. రెండవది బెత్తము చూపుట. కథయు, ఆటయు అనెడి మూఁడవ దారిని తల్లులును అవ్వలును ఎన్నఁడును విడువలేదుగాని, చదువుకొన్న పురుషులు దానిని పనిగా నెంచినది చాల తక్కువ. ఆ పనినే జీవితకార్యముగా స్వీకరించి, తెలుగునాట రెండు తరముల బిడ్డలచేత అన్నయ్యా యని పిలిపించుకొన్నవారు శ్రీ న్యాయపతి రాఘవరావుగారు. రేడియో అన్నయ్య యన్ననే ఆయన పేరు లోకమునకు తెలియును.

ఆయన 1905లో గంజాముజిల్లా బరంపురమున జన్మించిరి. అప్పటి కా జిల్లా మద్రాసు రాజధానిలోనిది. తెలుగు, ఒరియా భాషలు రెండును వీథులలో వినవచ్చు పట్టణము బరంపురము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు అది తెలుగువారి పాలనాసరిహద్దు దాటిపోయినది. ఉత్తరపుటంచున పుట్టిన యీ తెలుగుబిడ్డ దక్షిణపుటంచుననున్న మద్రాసు చేరి, కొంతకాలము పత్రికారంగమున పనిచేసిరి. విద్యావంతులు రాజకీయములలోను, సాహిత్యములోను, వకీలు వృత్తిలోను పేరు సంపాదించుకొనుచుండిన యా దినములలో ఆయన దృష్టి పెద్దవారి లోకమునుండి పిల్లలవైపు మఱలినది. ఆయన ధర్మపత్ని కామేశ్వరిగారును ఆ దారినే నడచిరి. ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య.

నాఁడు చిన్నపిల్లల చదువన నేమో తలఁచుకొన్నఁ గాని వీరి పని విలువ తెలియదు. వీథిబడులలో ఇసుకలో అక్షరములు దిద్దించుటయు, ఎక్కములు వల్లె వేయించుటయు, తప్పినవారికి గోడకుర్చీ, కోదండము మొదలగు శిక్షలును పెద్దతరమువారి కందఱకు తెలిసినవే. మన జిల్లా సేవకు వెనుదీసినది కాదు. పెన్నయొడ్డున పల్లిపాడులో 1921లో సత్యాగ్రహాశ్రమము వెలసినది. ఆ యాశ్రమమునకు భూమి నిచ్చిన పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. అయినను ఇవన్నియు కొంచెము ఎదిగిన పిల్లలవరకే. ఇంకను బడికి పోని బిడ్డ, అప్పుడప్పుడే మాటలు కూర్చుకొను బిడ్డ, ఏ సంఘపు లెక్కలోను లేఁడు. వానిని తల్లి చూచుకొనును, లేనిచో దాది చూచుకొనును అనుటయే అందఱి తలంపు.

ఇతరచోట్ల ఆ తలంపు మారుచుండెను. ఇటలీలో మేరియా మాంటిసోరి యనెడి వైద్యురాలు 1907లో రోమునగరపు పేదవాడలో శిశుగృహమును తెఱచి, బిడ్డ చేతులతో పనిచేయుచు నేర్చుకొనునని నిరూపించెను. ఘూర్జరదేశమున గిజుభాయి బధేకాగారు న్యాయవాదవృత్తిని విడిచి 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, కథనే పాఠముగా చేసిరి. ఆ మాంటిసోరి తల్లి 1939లో మద్రాసు చెంతనున్న అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. ఇంచుమించుగా ఆ రోజులలోనే అదే నగరమున రాఘవరావుగారు తమ పని మొదలుపెట్టిరి. అయితే ఆయనకు లభించిన సాధనము వేఱు. అది రేడియో.

అఖిలభారత రేడియో మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. మద్రాసు మన తీరమునకు పరాయియూరు కాదు. బకింగుహాము కాలువలో పడవలు కృష్ణపట్నము మీఁదుగా, పులికాటు సరస్సు దాటి, ఉప్పు, వంటచెఱకు మోసికొని ఆ పట్టణమునకు పోవుచుండెడివి. నెల్లూరునుండి 110 మైళ్ల దూరము పడవకు దినముల ప్రయాణము, రేడియోధ్వనికి రెప్పపాటు. లైసెన్సు రుసుము చెల్లించి రేడియో పెట్టుకొనఁగల యిండ్లు ఊరి కొకటి రెండైనను లేని కాలమది. ఉన్న యింట మాత్రము సాయంకాలము అరుగుమీఁద పెద్దలు వార్తలు వినుచుండఁగా, పిల్లలు తమ వంతుకై కాచుకొని యుండెడివారు. ఆ వంతే బాలానందము.

ఆ కార్యక్రమమునకు ప్రాణము ఒక్క పిలుపులో నున్నది. మాస్టరుగారనియు, పంతులుగారనియు, అయ్యగారనియు పిలిపించుకొనుటకు ఆయనకు తగిన చదువును వయస్సును గలవు. అవి మాని అన్నయ్య యను వరుసను స్వీకరించిరి. తెలుగింట అన్నకును గురువునకును గల యంతరము చదువరులకు చెప్పఁబనిలేదు. గురువునొద్ద బిడ్డ తప్పు దాఁచుకొనును. అన్న యొద్ద చెప్పుకొనును. అన్న చెట్టెక్కించును, పడిన లేవనెత్తును, తినుచున్న జామకాయలో సగము కొఱికి యిచ్చును. ఒక అన్నకు చెల్లెండ్రు, తమ్ములు అయినవారందఱు తమలో తాము కూడ తోబుట్టువులే. మద్రాసు మైలాపురపు బిడ్డయు, కావలి బిడ్డయు, బందరు బిడ్డయు ఒక్క పిలుపుతో ఒక్క యింటివారైరి.

రెండవ విశేషము, పెద్దలు బిడ్డలకు చెప్పు కార్యక్రమమును బిడ్డలే నడపు కార్యక్రమముగా మార్చుట. పాటలు పాడినది, పద్యములు చదివినది, కథ చెప్పినది, నాటికలలో వేషములు కట్టినది పిల్లలే. వారికి తగిన నాటికలను, అభినయగేయములను అన్నయ్య వ్రాసి యిచ్చిరి. నేర్పు భారమును అక్కయ్య పంచుకొనిరి. ఆ కాలపు ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు జరుగునవి. ముందుగా పట్టియుంచి తప్పులు దిద్దుటకు వీలులేదు. అట్టి నాటికలో నిలుచున్న పసివానికి ఎన్ని గుణములు కావలెనో ఆలోచింపుఁడు. తన వంతు వచ్చువరకు నోరు మెదపరాదు. ప్రక్కవాఁడు మాట మఱచినచో నవ్వరాదు, అందించి నడిపింపవలెను. రాజవేషము తనకు రాక సేవకవేష మిచ్చినచో అలుగరాదు. మైకు ముందు చిన్నవారిని నిలిపి పెద్దవారు వెనుక నిలువవలెను. ఇవన్నియు పరులను తలఁచుకొనుటయే. వీనిని నీతివాక్యములుగా చెప్పిన బిడ్డకు నిద్రవచ్చును. నాటకము చెడకుండుటకై యవసరమైనప్పుడు ఆనందముతో చేయును.

రేడియోలోని గడియసేపు చాలదని 1940లో ఆయన మద్రాసున ఆంధ్ర బాలానందసంఘమును స్థాపించిరి. పిల్లలు ఒకచోట కలిసికొనుట, ఆడుట, పాడుట, వేషములు కట్టుట, తమకంటె చిన్నవారికి నేర్పుట దాని పని. ఈ చివరి యంశము మిక్కిలి గమనింపఁదగినది. నాలుగేండ్ల బిడ్డకు ముప్పదియేండ్లవాఁడు నేర్పుటకంటె ఏడేండ్ల బిడ్డ నేర్పుట మేలు. నేర్చుకొన్నవాఁడు పాట నేర్చుకొనును. నేర్పినవాఁడు ఓరిమి నేర్చుకొనును. మన ఉమ్మడికుటుంబములలో ఎవరును పూనుకొనకయే జరుగుచుండిన యీ శిక్షణ, పట్టణములలో చిన్నకుటుంబములు పెరిగినకొలఁది తగ్గిపోవుచుండెను. సంఘము ఆ కొఱఁతను పూడ్చినది.

1945 ఆగష్టులో యుద్ధము ముగిసిన మాసముననే బాల యను మాసపత్రికను వెలువరించిరి. చందమామ పుట్టినది 1947 జూలైలో. అంతకు రెండేండ్ల ముందే తెలుగు పిల్లలకు తమదన్న పత్రిక ఇది. అందును ఆయన పద్ధతి మాఱలేదు. పిల్లలకై పెద్దలు వ్రాసినవానితోపాటు పిల్లలు వ్రాసినవానిని, గీసినవానిని అచ్చువేసిరి. పదునాలుగేండ్ల ముళ్లపూడి వెంకటరమణ తొలికథయు, పండ్రెండేండ్ల బాపు తొలిబొమ్మయు వెలుఁగు చూచినది ఆ పుటలలోనే. ఆ యిరువురు తరువాత తెలుగు కథకును, చిత్రకళకును, చలనచిత్రమునకును ఎంతటివారైరో వేఱుగ వ్రాయనక్కఱలేదు. ఇచట మన కవసరమైన సంగతి వేఱొకటి. పసివాని వంకరగీఁతను చింపక అచ్చునకిచ్చిన పెద్దమనిషిని చూచిన బిడ్డ, రేపు మఱియొకని తొలిప్రయత్నమును చూచి వెక్కిరింపఁడు. మనము బిడ్డను ఆదరించిన తీరుననే బిడ్డ లోకము నాదరించును.

ఆయన పనిచేసిన కాలమునకు చాల తరువాత పాశ్చాత్యశాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించి చూచిరి. జర్మనీదేశమున లైప్‌జిగ్ నగరపు మాక్స్ ప్లాంక్ సంస్థలో వార్నెకెన్, టొమసెల్లో యనువారు 2006లో ప్రకటించిన పరిశోధన యిది. పదునెనిమిది మాసముల బిడ్డల యెదుట ఒక క్రొత్తమనిషి చేతిలోని వస్తువును జాఱవిడిచి అందుకొనలేక పోవును; లేదా చేతులనిండ పుస్తకములతో మూసిన బీరువాయొద్దకు పోయి తలుపు తీయలేక నిలుచును. సాయము చేయుమని అడుగఁడు, బహుమాన మిచ్చెదననఁడు. అయినను 24 మంది బిడ్డలలో 22 మంది ఒక్క సందర్భముననైనను తామే లేచిపోయి తోడ్పడిరి. నడక నేర్చినంతనే పరోపకారబుద్ధి బిడ్డలో అంకురించుచున్నదన్నమాట. వీరే 2008లో మఱియొక సంగతి తెలిపిరి. సాయము చేసినప్పుడెల్ల వస్తువును బహుమానముగా పొందిన బిడ్డలు, బహుమానము లేనప్పుడు తక్కినవారికంటె తక్కువగా తోడ్పడిరి. తమ్మునికి బొమ్మ నిచ్చిన బిళ్ల పెట్టెదనని లంచము చూపు తలిదండ్రులు ఈ మాట మనస్సున నుంచుకొనవలెను. పుట్టుకతో వచ్చిన గుణమును బేరముగా మార్చుట మనము చేయు అపకారము.

అట్లయిన పెద్దలకు పనియేమి? మొలకకు నీరు పోయుటయు, తొక్కకుండుటయు. ఆ నీరే కథ. ఆ పాదే ఆట. మన యింటి యాటలలో గుజ్జనగూళ్లను తీసికొనుఁడు. చిన్న చిన్న గిన్నెలు, నాలుగు గింజలు, కొంచెము బెల్లము. బిడ్డలు మూఁడురాళ్లు పెట్టి పొయ్యి యని వంట నభినయింతురు. వంట ముగిసినపిదప ఒంటరిగా తినుట ఆ యాటలో లేదు. వడ్డించుటయే ఆటకు పట్టు. ఎవరికి ముందు పెట్టవలెను, గిన్నెలో మిగిలిన దెంత, వచ్చిన చుట్టము ఉత్తచేతులతో పోరాదు, ఇవన్నియు నాలుగేండ్ల గృహిణి ముఖమున కనఁబడును. దాఁగుడుమూఁతలలో కన్నులు మూసికొన్నవానిని మోసగింపరాదు. చెమ్మచెక్కలో ఎదుటివారి చేతులతో తన చేతులు కలియకున్న ఆట సాగదు. ఈ యాటలను కల్పించిన మన పూర్వులు నీతిశాస్త్రము తెలియనివారు కారు.

ఇచట భూవసతిగల మన చదువరులకు కొంచెము కటువైన మాట చెప్పక తప్పదు. మన తీరగ్రామములలో గుజ్జనగూళ్ల విందునకు ఎవరిబిడ్డలు వచ్చెడివారు? అయ్యగారి బిడ్డ అరుగుమీఁద విస్తరి పఱచినప్పుడు, పాలేరుబిడ్డ వాకిటనే నిలిచియుండెను. చేనికి కాపున్న యానాదివాని బిడ్డ ఆ వాకిటికైనను వచ్చుట లేదు. యానాదులకై జీవితమంతయు పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు మన జిల్లావారే. ఆయన పెద్దల మనస్సులు మార్చుటకు ఎంత శ్రమపడిరో తెలిసినవారికి, ఆ మనస్సులు కరడుగట్టినది ఏ వయస్సుననో తెలియును. మూఁడేండ్ల బిడ్డకు కులము తెలియదు. వాకిటనున్న బిడ్డను అరుగెక్కనీయని పెద్దల చూపును చూచి, అయిదేండ్ల కది నేర్చుకొనును. దయ నేర్పు కథను రాత్రి చెప్పి, పగలు పనివారిపై కేకలు వేయు గృహమున ఆ కథ యెండని చేపవలె మిగిలిపోవును.

రేడియోకు గల గొప్ప గుణ మిచటనే కనఁబడును. అరుగుమీఁద పెట్టిన రేడియో వాకిటివానికిని వినఁబడును. అన్నయ్య గొంతు గోడ దాఁటినది. అయితే గొంతు పోయినచోటి కెల్ల సంఘము పోలేదు. నగరమున మైకు ముందు నిలుచు భాగ్యము కొందఱు బిడ్డలకే దక్కినది. పల్లెబిడ్డకు వినుటయే మిగిలినది. ఈ కొఱఁతకు ఆయన బాధ్యులు కారు. ఒక దంపతుల జీవితము అంతకంటె మోయలేదు. ఊరూర వారి పనిని అందుకొనవలసినవారు అందుకొనలేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరముననే ఆ దంపతులు హైదరాబాదు చేరి, సంఘమును అచటికి తరలించి, బాలల కార్యక్రమములను కొనసాగించిరి. ఉత్తరపుటంచున పుట్టి దక్షిణపుటంచున వికసించిన యా జీవితము తెలుగునాటి నడిబొడ్డునకు వచ్చినది. బాల పత్రిక సుమారు 14 ఏండ్లు నడచి 1959లో ఆగిపోయినది. పిల్లల పత్రికను నిలుపుట తెలుగుదేశమున నేఁటికిని కష్టమే. పత్రిక ఆగినను సంఘ మాగలేదు. కామేశ్వరమ్మగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను పరమపదించిరి. ఆస్తులుగా వారు విడిచినవి పాటలు, నాటికలు, ఒక సంఘము, తమను అన్నయ్య, అక్కయ్య యని పిలిచిన వేలకొలఁది మనుష్యులు. వారిలో పలువురు నేఁడు తాతలు, అవ్వలు.

ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? 1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశుసంక్షేమపథకముతో అంగన్‌వాడీలు మన తీరపల్లెలకును వచ్చినవి. 2020 నాటి జాతీయవిద్యావిధానము మూఁడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు ఆటపాటలతోనే విద్య సాగవలెనని చెప్పుచున్నది. పూర్వము ఏ లెక్కలోను లేని బిడ్డ నేఁడు ప్రభుత్వపు లెక్కలోనికి వచ్చినాఁడు. ఇది చిన్న సంగతి కాదు. అయితే మఱియొక గోడ లేచినది. కలిగినవారి బిడ్డ మూఁడవయేటనే మెడపట్టీ కట్టుకొని ఇంగ్లీషుబడి బండి యెక్కుచున్నాఁడు. కూలివారి బిడ్డ అంగన్‌వాడీకి పోవుచున్నది. వాకిలియైనను వారిని కలుపుట లేదు. ఒకరి ముఖ మొకరు చూడని బిడ్డలు ఒకరియెడ నొకరు దయచూపుట యెట్లు నేర్తురు? ఇంటికి వచ్చినపిదప చేతిలో ఫోను. అన్నయ్య రేడియో పిల్లలచేత పాడించెను, ఆడించెను. ఫోను వారిని మూలఁ గూర్చుండఁబెట్టి మాట మాన్పించుచున్నది.

దీనికి మందు ఖరీదైనది కాదు. నెల్లూరు సీమ రైతుకు ఒక అరుగో, కల్లమో, చింతచెట్టునీడయో ఉండకపోదు. వారమున కొకదినము సాయంకాలము ఊరి బిడ్డలందఱు, ఏ వాడవారని అడుగక, అచట కూడునట్లు చేయుఁడు. ఒక అవ్వను పిలిచి ఏడు చేపల కథ చెప్పింపుఁడు. చివర నీతిని చెప్పవలదనుఁడు, ప్రశ్న మాత్రము వేయుమనుఁడు. పెద్దపిల్లలకు చిన్నపిల్లల నప్పగింపుఁడు. గుజ్జనగూళ్లకు గుప్పెఁడు బియ్యము, చిటికెఁడు బెల్లము మీ యింటినుండి పోవనిండు. వడ్డన మాత్రము బిడ్డలకు విడువుఁడు. తోడ్పడిన బిడ్డకు బిళ్ల పెట్టవలదు. చూచితినన్నట్లు ఒక చిఱునవ్వు చాలును. మీ బిడ్డ సేవకవేషము కట్టినదని నొచ్చుకొనవలదు. పాలేరుబిడ్డ రాజైనాఁడని విస్తుపోవలదు.

వీరికి కావలసిన వయస్సు గలవాఁడు, సాయంకాలము తీఱిక గలవాఁడు ప్రతి యూరనున్నాఁడు. ఆ యువకుని బిడ్డలు ఏమని పిలువవలెనో రాఘవరావుగారు ఎన్నఁడో నిర్ణయించియే యున్నారు. ఆ పిలుపున కర్హుఁడగుటకు బిరుదులు, పదవులు అక్కఱలేదు. వాకిట నిలిచిన బిడ్డను చేయిపట్టి అరుగెక్కించుటతో ఆ పని మొదలగును.